పిల్లల బల్ల దగ్గర భోజనం

ఉదయం ఆరూ పదికి వాషింగ్ మెషీన్ ఆగింది. పని అయిపోయిందని చెప్పడానికి అది ఒక పాట వాయిస్తుంది. ఆ పాట పూర్తయ్యేదాకా తలుపు తెరుచుకోదు. బకెట్ పట్టుకుని దాని ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నరసాపురం నుంచి గ్రేసమ్మ గారి చెల్లెలి కూతురు పంపిన వాయిస్ మెసేజ్. "ఆంటీ, పెద్దమ్మ రాత్రి నిద్రలోనే పోయిందండి. ప్రార్థన చెయ్యండి." అంతే ఉంది అందులో. నేను దుప్పట్లు బకెట్లో వేసుకుని బాల్కనీలో ఆరేసి, గాలికి ఎగిరిపోకుండా క్లిప్పులు పెట్టి, లోపలికొచ్చి కూర్చున్నాక ఇంకోసారి విన్నాను.

నేను నర్సరీకి బయల్దేరేలోపే మా పాత నర్సరీ వాళ్ల గ్రూపు నిండిపోయింది. చుట్టూ పూలు పెట్టి ఆమె ఫొటో, వెనకాల ఏదో సంగీతం. కన్నతల్లి కంటే ఎక్కువని ఒకరు, చల్లని మనసని ఒకరు, ఎవరినీ ఒక్క మాట కసిరి ఎరగదని ఇంకొకరు. ఆ చివరి మాట రాసినావిడను గ్రేసమ్మ గారు ఒకసారి పిల్లల ముందే గదిలోంచి బయటికి పంపించేయడం నేను చూశాను. పోయినవాళ్ల గురించి మంచిమాటే చెప్పాలన్నది మర్యాద, ఒప్పుకుంటాను. కానీ అన్ని మాటల్లో ఎక్కడా ఆమె కనపడకపోయేసరికి నాకు దుఃఖం కంటే ముందు చిరాకు వచ్చింది. ఆమె నాకు పని నేర్పింది. నేర్పినంత కాలం విసిగించింది. ఆ విసుగును తీసేసి ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కువైట్‌కు వచ్చింది భార్యగా. మా ఆయన సత్యనారాయణ మంగఫ్‌లో ఒక కంపెనీలో మెకానిక్‌ల మీద ఫోర్‌మన్. మాకు పిల్లలు లేరు. ఆయన ఉద్యోగానికి వెళ్లాక నేను పుస్తకాలు చదువుకుంటూ కాలం గడిపేదాన్ని. తర్వాత ఆయనకు గుండె ఆపరేషన్ అయింది, కంపెనీ లెక్క చూసి పంపేసింది, ముమ్మిడివరంలో మా మరిది ఇంటికి చేరారు. మందులు, పథ్యం, ఇల్లు అన్నీ నా సంపాదన మీదికి వచ్చాయి. ఆయన ఇఖామాతో కట్టి ఉన్న నా ఇఖామాకు, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతికి, కొన్ని నెలలే గడువు మిగిలింది. ఆ లోపల ఎవరైనా నన్ను తమ పేరు మీదికి మార్చుకుంటేనే ఇక్కడ ఉండగలను. బి.ఏ. చదివాను, పెళ్లికి ముందు అమలాపురంలో కాన్వెంటులో ఒకటో తరగతికి చెప్పాను, కాబట్టి పిల్లల పని నాకు వచ్చు అనుకున్నాను. ముబారక్ అల్ కబీర్‌లో ఒక పెద్ద ఇంటి కింది అంతస్తులో నడిచే నర్సరీలో శిక్షణకు తీసుకుంటారని తెలిసి వెళ్లాను.

దాని యజమానురాలు కువైటీ ఆవిడ. నర్సరీలో ఆయాలు చాలామంది అంతకుముందు ఇళ్లలో పనిచేసినవాళ్లు, అలవాటు కొద్దీ ఆమెను ఇక్కడి ఇళ్లలో యజమానురాలిని పిలిచినట్టు 'మామా' అనేవారు. "ఇక్కడ నేను ఎవరికీ మామాను కాను, టీచర్లను పిలిచినట్టు అబ్లా అనండి" అని ఆమె రోజూ దిద్దేది, వాళ్లు రోజూ మామా అనే అనేవారు. నా కాగితాలు పైపైన చూసి పక్కన పెట్టింది. చిన్నపిల్లల గదిలో గ్రేస్ కింద పని నేర్చుకోవాలని, నా గడువు ముగిసేలోగా గ్రేస్ సరే అంటే తన పేరు మీదికి మార్చుకుంటానని చెప్పింది. "గ్రేస్ ఓకే అంటే నేను ఓకే. గ్రేస్ నో అంటే ఖలాస్." నాకు నా చదువు మీద నమ్మకం ఉంది. ఖలాస్ అన్న మాటను పెద్దగా పట్టించుకోలేదు.

గ్రేసమ్మ గారిది నరసాపురం దగ్గర. పిల్లల వార్డులో నర్సుగా వచ్చి, తర్వాత చిన్నపిల్లల చదువులో కోర్సు చేసి, ఆస్పత్రి మానేసి నర్సరీలో చేరింది. పొట్టి మనిషి, గొంతు పెద్దది. మహబూలాలో ఆమె అద్దెకుండే ఫ్లాటులోనే నాకొక మంచం దొరికింది. పక్క గదిలో ఇద్దరు నర్సులు ఉండేవారు కానీ వాళ్ల డ్యూటీలు వేరు, కనపడేది తక్కువ. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎండు రొయ్యలు వేగిన వాసన, ఆమె మోకాళ్లకు రాసుకునే మందు వాసన, కిటికీ సందుల్లోంచి వచ్చి చేరే దుమ్ము వాసన. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి, వాటితోనే నేల తుడిచేది. తెల్లవారకముందే లేచి, పెదాలు కదుపుతూ బైబిలు చదువుకుని, పొయ్యి వెలిగించేది. మడతబల్ల వేసి, కంచం పెట్టుకుని, కుడి పక్క మంచినీళ్ల గ్లాసు పెట్టుకుని కూర్చునేది. అక్కడి నుంచి ఇంక ఆమెను ఎవరూ కదపలేరు. కింద నర్సరీ వ్యాను హారన్ కొట్టేవాడు, మళ్లీ కొట్టేవాడు. నేను చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి కంగారుపడేదాన్ని. "వాడికి ఆకలి లేదేమో, నాకుంది" అని ఆమె చివరి ముద్ద నెమ్మదిగా తినేది. నాకు అది పొగరు అనిపించేది. ఒక ఆడమనిషి తన తిండి గురించి అంత నిదానంగా ఉండడం అంతకుముందు నేను చూడలేదు.

మా ఇంట్లో మా అమ్మ అందరికీ పెట్టి, అందరూ లేచాక, గిన్నెల్లో మిగిలింది ఒకే పళ్లెంలో వేసుకుని వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చునేది. తినేటప్పుడు ఎవరైనా లోపలికి వస్తే పళ్లెం పక్కకు జరిపి లేచి నిలబడేది. మా అమ్మ తినడం నేను సరిగ్గా చూసిన గుర్తు లేదు. ఆమె చేతి వంట గుర్తుంది, వడ్డించే చెయ్యి గుర్తుంది. నాకూ అదే వచ్చింది. మా ఆయన తిన్నాక తినేదాన్ని. ఒంటరిగా ఉన్నప్పుడైతే పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేసేదాన్ని. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన విషయమని నాకు తెలియదు.

నర్సరీలో నా మొదటి రోజు, పిల్లల భోజనం వేళ. పొట్టి బల్ల చుట్టూ రెండేళ్ల వాళ్లు ఆరుగురు. అన్నం, కోడి ముక్కలు, కీరా ముక్కలు పళ్లేల్లో పెట్టి ఆయా వెళ్లిపోయింది. గ్రేసమ్మ గారు పిల్లల కుర్చీల్లోనే ఒకటి లాక్కుని వాళ్ల మధ్య కూర్చుని తన క్యారేజీ విప్పింది. నేను అలవాటుగా ఒక పళ్లెం దగ్గరికి చెయ్యి చాపాను.

"ఏంటది?"

"పిల్లలకి పెడదామనండీ."

"వాళ్లకి చేతులున్నాయి. నువ్వు కూర్చుని నీ అన్నం తిను."

"నేను తర్వాత తింటాన్లెండి."

"తర్వాత తింటే నాకెందుకు? ఇప్పుడు తిను. అదే నీ పని."

"తినడం పనేంటండీ?"

"జీతం దానికే. తుడవడానికీ కడగడానికీ ఆయా ఉంది."

వేళాకోళం చేస్తోందనుకున్నాను. ఆమె మాత్రం వంకాయ కూర కలుపుకుని తినడం మొదలుపెట్టింది. తినండి అని ఎవరినీ అనలేదు. ఎవరైనా రెండు మెతుకులు తింటే చప్పట్లు కొట్టలేదు. ఒకడు అన్నమంతా బల్ల మీదికి తోసేశాడు, వాడి వంక కూడా చూడలేదు. తన భోజనం అయ్యాక మూతి తుడుచుకుని "నాకైపోయింది" అని అరబ్బీలో చెప్పి లేచింది, అంతే. సగం పళ్లేలు సగం నిండుగానే ఉన్నాయి. నాకు కడుపు మండింది. పిల్లల ముందు కూర్చుని తాను కడుపునిండా తిని, వాళ్లను ఆకలితో లేపేయడం ఏం పెంపకం? మర్నాటి నుంచి నేనూ నా క్యారేజీ విప్పి కూర్చునేదాన్ని, చెంచాతో కెలికి, వాళ్ల నోళ్ల వంకే చూస్తూ, మూత పెట్టేసేదాన్ని. వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు ఆకలితో తల తిరిగేది. అది త్యాగమని అప్పుడు నా ఉద్దేశం.

తర్వాత ఆమెకు పన్ను నొప్పి వచ్చి దవడ వాచి కొన్ని రోజులు రాలేదు. బల్ల నా చేతికి వచ్చింది. బదర్ అని ఒక పిల్లాడు ఉండేవాడు, నర్సరీలో ఏమీ ముట్టడు. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అన్నం మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టాను. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది జేజమ్మ ముద్ద. వాడికి తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ జేజమ్మ దగ్గరికి వచ్చేసరికి నోరు తెరిచాడు. అది చూసి పక్కన దానా అనే పిల్ల తెరిచింది. రెండో రోజుకు ఆరుగురూ. పళ్లేలు తుడిచినట్టు ఖాళీ అయ్యాయి. ఆయా ఆశ్చర్యపోయి అందరికీ చెప్పింది. అబ్లా కూడా తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లింది. నాకు చాలా గర్వంగా ఉంది, దాచుకోను. పిల్లలకు పెట్టడానికి కోర్సులు చదవాలా అనుకున్నాను.

గ్రేసమ్మ గారు దవడకు గుడ్డ చుట్టుకుని తిరిగి వచ్చిన రోజు, పళ్లేలు బల్ల మీదికి రాగానే పిల్లలు ఆరుగురూ చేతులు ఒళ్లో పెట్టుకుని, మొహాలు నా వైపు తిప్పి, నోళ్లు తెరిచి కూర్చున్నారు. ఎవరూ చెంచా ముట్టలేదు. అంతకుముందు తనంతట తను శుభ్రంగా తినే దానా కూడా.

"బానే నేర్పేవమ్మా" అంది ఆమె. "ఆరుగురికీ చేతులు పోయాయి."

ఆ వారమే బదర్ వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో ఖర్జూరం తనే తీసుకుని తినేవాడు, ఇప్పుడు దాని ముందు నోరు తెరిచి కూర్చుంటున్నాడు, మీరేం చేశారు అని. అదే వారం వాళ్ల నాయనమ్మ స్వయంగా వచ్చింది. ఆమె మాట వేరు. ఆ ఇండియా అమ్మాయి చేతిలో బరకత్ ఉంది, దేవుడి చలవ ఉంది, మా పిల్లాడి బుగ్గలు చూడండి, ఈ అమ్మాయిని మా ఇంటికి పంపండి, ఇఖామా నేను చేయిస్తాను, జీతం ఎక్కువిస్తాను అంది. అబ్లా నవ్వి, నిర్ణయం నాకే వదిలేసింది. ఇంటిపని వీసా మీదికి ఒకసారి వెళితే మళ్లీ టీచరు పనికి మారడం ఎంత కష్టమో మహబూలాలో ఎవరిని అడిగినా చెబుతారు. నా గడువు దగ్గరపడుతోంది. ఒక వైపు ఆ ఇంట్లో బదర్‌కు ముద్దలు కలిపిపెట్టే ఆయాగా ఉండిపోవడం, ఇంకో వైపు గ్రేసమ్మ గారి సరే. ఆ సరే వచ్చే సూచన ఎక్కడా లేదు. నన్ను బల్ల దగ్గర కూర్చోనివ్వడం మానేసి, పడుకునే పరుపులు మడతపెట్టే పని ఇచ్చింది. పిల్లల చేతులు మళ్లీ చెంచాల మీదికి రావడానికి ఎన్నో భోజనాలు పట్టాయి. ఆ భోజనాలన్నీ పరుపుల దగ్గర నుంచి చూశాను.

ఒక సాయంత్రం వంటింట్లో ఉండబట్టలేకపోయాను.

"నన్నెందుకండీ ఇలా తొక్కేత్తన్నారు? నేనేం తప్పు చేశాను, పిల్లలకి అన్నం పెట్టేను. అంతే కదా?"

"నిన్ను తొక్కితే నాకేం వత్తదే?" ఆమె కూర కలుపుకుంటూ తల ఎత్తలేదు. "ఇప్పుడు నువ్వేం చేత్తన్నావో చూసుకో."

"ఏం చేత్తన్నానండీ?"

"పొయ్యి కాడ నుంచుని గిన్నెలో తింటన్నావు."

"ఈ గిన్నె కడిగేసి కూర్చుంటానండి."

"ఆ కడగడం ఎప్పటికీ అవ్వదు పద్మా. మా అమ్మకీ అవ్వలేదు." గ్లాసెత్తి నీళ్లు తాగింది. "నువ్వు బల్ల కాడ కూర్చుంటే ఆ పిల్లాడికి ఏం కనపడతంది? ఒకావిడ తన అన్నం వదిలేసి వాడి నోరే చూత్తా కూర్చుంది. అలా చూత్తే నాకూ దిగదు. నువ్వు తింటే కదా వాడికి తినడం అంటే ఏంటో తెలిసేది."

"మీకు పిల్లలంటే ప్రేమ లేదండీ" అన్నాను. అనకూడని మాటే, కానీ అన్నాను.

"లేకపోతే లేదులే. కూర ఇంకొంచెం ఉంది, కూర్చుని తిను."

నేను కూర్చోలేదు. గిన్నె కడిగేసి మంచమెక్కి అటు తిరిగి పడుకున్నాను. ఆమె చెప్పినదాంట్లో నిజం ఉందని అప్పుడు నాకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే సూచనలు అప్పటికే కళ్లముందు ఉన్నాయి. అంతకుముందు రంజాన్ నెలలో ఇక్కడి కట్టుబాటు ప్రకారం పగటిపూట పెద్దవాళ్లెవరం తినలేదు, పిల్లలకు మాత్రం పెట్టాం. ఆ నెలంతా పళ్లేలు నిండుగా వెనక్కి వెళ్లాయి. ఎండ వల్ల అనుకున్నాను.

చివరికి అబ్లా ఒక సోమవారం తను స్వయంగా వచ్చి కూర్చుంటానని, ఆ రోజు బల్ల పద్మ చూసుకోవాలని, ఆ తర్వాత తేల్చేద్దామని చెప్పింది. అది కార్తీకమాసం. మా ఆయన కోలుకోవాలని ఆ ఏటి కార్తీక సోమవారాలన్నీ ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాను. నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. రోజు మార్చమని అడగడానికి నాకు నోరు రాలేదు. నా దేవుడి సంగతి గ్రేసమ్మ గారికి చెప్పుకోవడమేంటని పంతం. క్యారేజీలో పెరుగన్నం పెట్టుకున్నాను, విప్పి కూర్చుని కెలుకుతూ ఉంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఇన్నాళ్లూ చేసింది అదే కదా. పొద్దున్న నేను టీ తాగకపోవడం గ్రేసమ్మ గారు చూసింది. వ్యానులో నా ఒళ్లో క్యారేజీ వంక కూడా చూసింది.

పళ్లేలు వచ్చాయి. అబ్లా బొమ్మల అలమర పక్కన కాఫీ పట్టుకుని కూర్చుంది. గ్రేసమ్మ గారు గోడకు ఆనుకుని నిలబడింది. నేను పొట్టి కుర్చీలో కూర్చుని క్యారేజీ విప్పి చెంచా తీసుకుని పెరుగన్నాన్ని ఇటు నుంచి అటు తిప్పాను. దానా నా చేతి వంక చూసింది. తన చెంచా తీసుకుని తన అన్నాన్ని ఇటు నుంచి అటు తిప్పింది. బదర్ తిప్పాడు. కాసేపటికి ఆరుగురూ ఎంతో శ్రద్ధగా, ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోకుండా, పళ్లేల్లో అన్నం తిప్పుతున్నారు. నేను ఆపితే ఆపారు. మళ్లీ తిప్పితే మళ్లీ తిప్పారు. నేను ఇన్నాళ్లూ ఆ బల్ల దగ్గర ఏం చేశానో వాళ్లు నాకే చేసి చూపిస్తున్నారు. నాకు సిగ్గు కంటే ఎక్కువగా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ పెరుగన్నంలో ఇంగువ పోపు వాసన వస్తోంది. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు.

తిన్నాను. మొదటి చెంచా నోట్లో పెట్టుకునేటప్పుడు మా ఆయన గుర్తొచ్చారు, రెండో దానికి ఎవరూ గుర్తు రాలేదు. చెంచా వదిలేసి చేత్తో తిన్నాను. అల్లం ముక్క తగిలింది, పచ్చిమిరపకాయ తగిలింది, నీళ్లు తాగి మళ్లీ తిన్నాను. క్యారేజీ అడుగు కనపడ్డాకే తల ఎత్తాను. దానా తింటోంది. బదర్ చేత్తో అన్నం తీసుకుని నోట్లో సగం, చొక్కా మీద సగం వేసుకుంటున్నాడు. ఇంకొకడు కీరా ముక్కలు నీళ్ల గ్లాసులో వేస్తున్నాడు. ఒక పిల్ల ఏమీ తినకుండా వేలు చీకుతోంది. గొప్ప విజయమేమీ కాదు, మామూలు భోజనం. "నాకైపోయింది" అని చెప్పి లేచాను.

"ఈమెకు అంత ఆకలేసిందా?" అని అబ్లా నవ్వింది.

"వేసింది" అంది గ్రేసమ్మ గారు. "ఈవిడకి తినడం వచ్చింది అబ్లా. మిగతాది నేను నేర్పుతాను." అబ్లా ఖలాస్ అంది. అది ఈసారి నాకు పనికొచ్చే ఖలాస్. నా ఇఖామా నర్సరీ పేరు మీదికి మారింది.

వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు నేనే అడిగాను.

"ఉపవాసమని మీకు తెలుసు కదండీ. ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది? రోజు మార్చుకునేవాళ్లం కదా?"

"నువ్వు చెప్పొద్దూ? నోరు లేదా నీకు?"

"మీరు అడగొచ్చు కదండీ."

"అడిగితే తినమనే చెప్పేదాన్ని. నీకూ నీ దేవుడికీ మధ్యలో నాకెందుకే ఆ మాట? రేప్పొద్దున్న మీ ఆయనకి ఏమైనా అయితే ఈ ముసల్దే తినిపించిందంటావు." కిటికీ వైపు తిరిగింది. "నువ్వు తినకపోయినా నేనేమీ అనుకునేదాన్ని కాదు. కాకపోతే సరే మాత్రం అనేదాన్ని కాదు."

నాకు అది అన్యాయంగానే తోచింది. ఇప్పటికీ పూర్తిగా న్యాయమని అనలేను. సాయంత్రం స్నానం చేసి బాల్కనీలో దీపం పెట్టాను. విడిచేసిన ఉపవాసానికి ఏం దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు, ఊరికే నిలబడ్డాను. ఎదురు భవనాల మధ్య నుంచి ఒక నక్షత్రం కనపడింది. లోపలికి వస్తే మడతబల్ల మీద రెండు కంచాలు, రెండు గ్లాసులు ఉన్నాయి. మామూలుగా ఆ ఇంట్లో వండే ఎండు రొయ్యల వాసన లేదు, పప్పు వాసన వస్తోంది.

"వచ్చిందా చుక్క?"

"వచ్చిందండి."

"అయితే కూర్చో."

కూర్చున్నాను. మా ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు, మూడేళ్ల కిందట వేరే జబ్బుతో పోయారు. ఆ సోమవారానికీ ఆయన బతుకుకూ లెక్క కట్టను. ఎప్పుడూ కట్టలేదని మాత్రం అనలేను.

ఇప్పుడు నేను పనిచేసే నర్సరీ పెద్దది, గదులు ఎక్కువ, కెమెరాలు ఎక్కువ. కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పడం నా ఉద్యోగం. పిల్లల భోజనం ఇంటి నుంచే డబ్బాల్లో వస్తుంది, ప్రతి డబ్బా మీద పేరుంటుంది. ఎవరి దాంట్లో వేరుశనగ ఉందో, ఎవరికి పడదో చూసుకోవాలి. అందువల్ల సిబ్బంది తమ తిండి పిల్లల గదిలోకి తేకూడదు. ఆ నియమానికి కారణం ఉంది, నేను కాదనను. ఒక పిల్ల ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడక అవస్థపడడం నేనే చూశాను. కానీ ఆ నియమం వచ్చాక ఇంకోటి కూడా వచ్చింది. డబ్బా ఖాళీ అయిందని తల్లికి ఫొటో వెళ్లాలి. ఖాళీ కాకపోతే ఎందుకు కాలేదో రాయాలి. దాంతో అందరూ నిలబడి నోళ్లలో పెట్టడం మొదలుపెట్టారు. నేను ఒకప్పుడు గర్వంగా చేసిన పని ఇప్పుడు మా గదులన్నిటిలో మంచి పని. దీని గురించి పైవాళ్లతో మాట్లాడాను, రాసిచ్చాను, మళ్లీ మాట్లాడాను. విన్నారు, టీ ఇచ్చారు.

గ్రేసమ్మ గారి కబురు వచ్చిన రోజు, భోజనం వేళకు నా డబ్బా పట్టుకుని చిన్నపిల్లల గదికి వెళ్లాను. దాంట్లో వేరుశనగ లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, ఉత్త చారన్నం. అక్కడ రాయచోటి నుంచి వచ్చిన రేష్మా శిక్షణలో ఉంది. మంచి పిల్ల, చురుకైంది. వరసగా నిలబడి ఐదు నోళ్లలో పెడుతోంది, ఇంకో చేత్తో ఫొటో తీస్తోంది. నా చేతిలో డబ్బా చూసి కంగారుపడింది.

"ఏంది మేడమ్, ఈడ తింటారా? కెమెరా ఉండాది."

"నువ్వూ కూర్చో. కూర్చుని నీది తిను, అదే నీ పని. వాళ్లు చూసి తింటారు."

"తినేదానికే జీతమిస్తారంటే మా ఊర్లో సగం మంది టీచర్లే కదా మేడమ్" అని నవ్వింది. నేను నవ్వలేదు. అది చూసి గొంతు తగ్గించింది. "మీకు ఏం కాదు మేడమ్, పెద్దోళ్లు. నాకింగా ఇఖామా మార్చలా. నన్ను పంపించేస్తారు."

అప్పట్లో నాకు సరే అనడానికి గ్రేసమ్మ గారు ఉండేది, ఆమె మాటకు విలువ ఉండేది. రేష్మాకు నేను సరే అన్నా, డబ్బాల ఫొటోలు సరే అనవు. తలుపు దగ్గరికి సూపర్‌వైజర్ వచ్చి, నా డబ్బా వంక చూసి, సారీ చెప్పి, ప్యాంట్రీలో కుర్చీ ఖాళీగా ఉందని మర్యాదగా అంది. వెళ్లాను. ప్యాంట్రీలో కుర్చీ నిజంగానే ఉంది, దాని మీద ఎవరివో చేతిసంచులు ఉన్నాయి. వాటిని కింద పెట్టి, కుర్చీ గోడవైపు నుంచి ఇటు తిప్పుకుని, కూర్చుని మొత్తం తిన్నాను.

మా నర్సరీలో పిల్లలతో కలిసి పెద్దవాళ్లెవరూ తినరు.